ఉచితానికీ ఓ లెక్కుంది!

‘ఊరికే వస్తుంది’ అంటే మన ఆడవాళ్ళకి ఆశ ఉండదని ఎవరైనా అంటే నేను నమ్మను. సబ్బుపొడితో పాటు బకెట్టు, టీపొడితో పాటు గాజు గ్లాసు... ఇవన్నీ మన వంటింట్లోకి ఎలా వచ్చాయో మనకి తెలీదూ? అయితే ఒక్క మాట. ఆ బకెట్టు చూసి మురిసిపోతూనే, ‘ఉండు, పాకెట్టు మీద రేటెంత వేశాడో చూద్దాం’ అని వెనక్కి తిప్పి చూసేదీ మనమే. బరువు తగ్గించాడా, తేదీ దగ్గరపడ్డ సరుకు అంటగడుతున్నాడా అని ఆరా తీసేదీ మనమే. ఈ గుణం చాలా గొప్పదండీ! ఈ వారం మీతో చెప్పదలచుకున్న విషయానికి కావలసిన తెలివంతా అందులోనే ఉంది.

ఏమిటా విషయం అంటారా? ఇంటి దగ్గర్నుంచే నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్న ఆడవాళ్ళకి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాధనాల సంగతి. ‘ఇంటర్నెట్ మార్కెటింగ్’ అన్న మాట వినగానే అదేదో పెద్ద ఆఫీసుల వ్యవహారం అనుకుని పేజీ తిప్పెయ్యకండి. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఆవకాయ పెట్టి అమ్ముతూనే ఉంటారు. ఒకరు జాకెట్లు కుడతారు, ఒకరు మగ్గం పని చేస్తారు, ఒకరు పిల్లలకి ట్యూషన్ చెబుతారు, ఇంకొకరు చీరలు తెచ్చి వాయిదాల మీద ఇస్తారు. మనం ఫలానా పని చేస్తున్నామని పదిమందికీ తెలియజెయ్యడం, తెలిసి అడిగినవాళ్ళకి విసుక్కోకుండా జవాబు చెప్పడం, ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ మన దగ్గరికే వచ్చేలా చూసుకోవడం. మార్కెటింగ్ అంటే ఇంతే. ఇదివరకు ఈ పని పేరంటాల్లోనూ, గుడి మెట్ల మీదా, కుళాయి దగ్గరా జరిగేది. ఇప్పుడు చాలావరకు ఫోన్లో జరుగుతోంది.

నేను కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి చేసి అమ్ముతాను. అందుకని ఈ ఉచిత సరంజామాతో నాకు రోజూ పనే. వాటిని తలచుకున్నప్పుడల్లా మా అమ్మ వాడే సామెత గుర్తొస్తుంది: ‘ఎరువు సొమ్ము బరువు చేటు’. పెళ్ళికి వెళ్ళాలంటే పిన్నిగారి కాసులపేరు అడిగి వేసుకోవడం తప్పేం కాదు. నలుగురిలో కళకళలాడతాం కూడా. కానీ అది మన బీరువాలో నగల లెక్కలోకి రాదు. ఆవిడ ‘ఇచ్చెయ్యవే’ అన్నప్పుడు తీసి ఇచ్చెయ్యవలసిందే. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవన్నీ ఎరువు తెచ్చుకున్న నగలే. వేసుకుందాం, తప్పకుండా వేసుకుందాం. కాని వేసుకునే ముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. ఇది నా దగ్గర్నుంచి ఏం తీసుకుంటోంది? రేపు పొద్దున్న ఇది లేకపోతే నా గతేమిటి?

మొదటి ప్రశ్నకి జవాబు మరీ కష్టం కాదు. గూగుల్‌కి గానీ, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటా కంపెనీకి గానీ రాబడిలో పెద్ద భాగం ప్రకటనల నుంచే వస్తుంది. మనం చూస్తేనే కదా ఆ ప్రకటనలకి గిరాకీ! కొన్ని కంపెనీలు కొంత సరుకు ఊరికే ఇచ్చి, మంచి సరుకు డబ్బులకి అమ్ముకుంటాయి. స్వీటు కొట్టువాడు రుచి చూడమని చిన్న ముక్క చేతిలో పెట్టినట్టన్నమాట. ఇందులో మోసమేమీ లేదు. లెక్క తెలిస్తే చాలు.

ఇక ఒక్కొక్కటే చూద్దాం.

మొట్టమొదట వాట్సాప్ బిజినెస్. ఇది మామూలు వాట్సాప్‌కి చెల్లెలు. 2018 జనవరిలో వచ్చింది. చిన్న వ్యాపారాల కోసమే చేశారు. మన సరుకుల ఫొటో, పేరు, ధర వరసగా పెట్టుకోవడానికి కేటలాగు అని ఒకటి ఉంటుంది. ‘మీ దగ్గర ఏమేం ఉన్నాయండీ?’ అని అడిగినవాళ్ళకి రోజుకి పదిసార్లు టైపు చెయ్యక్కర్లేదు, దాన్ని పంపిస్తే సరి. తరచూ చెప్పే జవాబులు, అంటే కిలో ధర, కొరియర్ ఖర్చు, ఎన్నాళ్ళు నిలవుంటుంది లాంటివి ముందే రాసి దాచుకుని ఒక్క నొక్కుతో పంపొచ్చు. కొత్తగా అడిగినవాళ్ళు, డబ్బు ఇవ్వవలసినవాళ్ళు, సరుకు పంపవలసినవాళ్ళు అని రంగురంగుల చీటీలు తగిలించుకోవచ్చు. రాత్రి పదిన్నరకి ‘పావుకిలో ఉందా?’ అని అడిగేవారికి ‘ఉదయం తొమ్మిదికి జవాబిస్తాను’ అని దానంతటదే చెప్పే ఏర్పాటు కూడా ఉంది. ఇంటిపనికి అడ్డం రాకుండా ఉండాలంటే ఇది చాలా అవసరం. ఒకే నంబరు మీద మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ నడవవు. కనుక వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకుంటే ప్రశాంతం. రెండంచెల వెరిఫికేషన్ అని ఆరంకెల పిన్ పెట్టుకునే సదుపాయం ఉంది. మొదటి రోజే పెట్టేసుకోండి. ఫోన్‌కి వచ్చే ఓటీపీ గాని, ఈ పిన్ గాని కన్నతల్లి అడిగినా చెప్పకండి!

రెండోది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2014లో గూగుల్ మై బిజినెస్ అన్న పేరుతో వచ్చింది, 2021లో పేరు మారింది. ‘మా దగ్గర్లో టైలరు’, ‘ట్యూషన్’, ‘బ్యూటీ పార్లర్’ అని ఎవరైనా గూగుల్‌లో వెతికితే మ్యాపు మీద కనబడేవి ఇవే. పేరు, వేళలు, ఫోన్ నంబరు, ఫొటోలు పెట్టుకోవచ్చు. కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాయొచ్చు. పైసా ఖర్చు లేదు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ షాపు మ్యాపులో ఉండాలంటే ఇంత కట్టాలి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే నిశ్చింతగా పెట్టెయ్యండి. మ్యాపులో ఉండడానికి గూగుల్ డబ్బు తీసుకోదు. మీరే కొనేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సరుకిచ్చే పద్ధతైతే మీ ఇంటి అడ్రసు బయటికి కనబడకుండా దాచి, ఏయే పేటలకి ఇస్తారో మాత్రమే పెట్టుకోవచ్చు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి ఇది ముఖ్యమైన సంగతి. అయితే కొనేవాళ్ళని ముఖాముఖి కలవకుండా కేవలం ఆన్‌లైన్‌లో అమ్మి, కొరియర్‌లో పంపే వ్యాపారాలకి ఈ ప్రొఫైల్ ఇవ్వరు.

మూడోది కాన్వా. పండక్కి ‘అరిసెలు సిద్ధం’ అని రంగుల కార్డు చెయ్యాలంటే ఇదివరకు ఫ్లెక్సీ షాపువాడి దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లోనే చేసుకోవచ్చు. దీని కథ వింటే మీకు ముచ్చటేస్తుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మెలనీ పెర్కిన్స్ అనే అమ్మాయి చదువుకుంటూనే తోటి విద్యార్థులకి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పేది. నేర్చుకోవడానికే నెలలు పడుతున్నాయేమిటి, ఇది తేలికగా ఉండకూడదా అనుకుంది. 2007లో స్కూళ్ళ వార్షిక సంచికలు తయారుచేసుకునే చిన్న వ్యాపారం మొదలుపెట్టింది. ఎక్కడో తెలుసా? వాళ్ళమ్మ ఇంట్లో, ముందు గదిలో! ఆ అనుభవంతోనే తోటివారితో కలిసి 2013లో కాన్వా తెచ్చింది. ఇంటి ముందు గదిలో మొదలైన వ్యాపారాన్ని చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ కథ చెప్పండి. కాన్వాలో బొమ్మ పక్కన చిన్న కిరీటం గుర్తు ఉంటే అది డబ్బిచ్చి తీసుకునేది. కిరీటం లేనివి చూసుకుంటే మన పని జరిగిపోతుంది.

తెలుగు అక్షరాలు అందంగా లేవని బాధపడేవాళ్ళకి ఇంకో మాట. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ, రామభద్ర, తెనాలి రామకృష్ణ అని మన పెద్దల పేర్లతో తెలుగు ఫాంట్లు ఉన్నాయి. అమెరికాలోని మన తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర వీటిని అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. వ్యాపారానికి వాడుకున్నా డబ్బు అడగరు. మన సీసా మీద చీటీ మన అక్షరాల్లో ఉంటే ఆ నిండుతనమే వేరు.

ఫొటోల దగ్గర మాత్రం ఉచితానికి ఆశపడొద్దు. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ లాంటి చోట్ల ఉచితంగా వాడుకోవడానికి వేల ఫొటోలు దొరుకుతాయి. పండగ కార్డుకి వెనక పువ్వులు, దీపాలు కావాలంటే వాడుకోండి. కాని మీ ఆవకాయకి మీ ఆవకాయ ఫొటోయే పెట్టాలి. ఇంకెవరి జాడీనో చూపించి మన సరుకు పంపితే, మొదటి మూత తియ్యగానే నమ్మకం పోతుంది. కిటికీ పక్కన, పొద్దుటి వెలుగులో, పింగాణీ గిన్నెలో పెట్టి తియ్యండి. స్టీలు పళ్ళెం మెరిసి బొమ్మ పాడుచేస్తుంది. ఫోన్ కెమెరా అద్దం ఓసారి కొంగుతో తుడిస్తే సగం ఫొటోలు బాగుపడతాయి!

నాలుగోది గూగుల్ ట్రెండ్స్. 2006 నుంచీ ఉంది గాని మనవాళ్ళలో చాలామందికి తెలీదు. ఒక మాట కొడితే, జనం దానికోసం ఏ నెలల్లో ఎక్కువ వెతుకుతున్నారో గీత గీసి చూపిస్తుంది. మన రాష్ట్రం వరకే చూడొచ్చు, రెండు మాటల్ని పోల్చి చూడొచ్చు. అందులో కనబడే 100 అన్న అంకె నూరుమంది వెతికారని కాదు. ఆ కాలంలో అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయానికి 100 అని పెట్టి, మిగతావి దాంతో పోల్చి చూపిస్తారు. మామిడికాయ ఎప్పుడొస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాని పచ్చడి కొనాలని జనానికి ఎప్పుడు బుద్ధి పుడుతుందో చూసుకుంటే, ఏ నెలలో ఎన్ని సీసాలు నింపి ఉంచాలో ఓ అంచనా వస్తుంది.

సరే, ఇవన్నీ మొదటి ప్రశ్నకి నెగ్గినవే. మరి రెండోదో? ‘రేపు ఇది లేకపోతే?’ అన్న ప్రశ్నకి జవాబు నాకు మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి దగ్గర దొరికింది.

మంచి పనిమంతురాలు. ఆమె కుట్టుకూలి మీదే కొడుకు స్కూలు ఫీజు గడుస్తుంది. ఒకతను వచ్చి ‘మీ వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో పెట్టేస్తాం మేడమ్, ప్యాకేజీ 8,000’ అన్నాడు. ఇచ్చింది. అతను చేసింది ఏమిటయ్యా అంటే, నేను పైన చెప్పిన ఉచిత సాధనాలే తన మెయిల్‌తో, తన నంబరుతో తెరిచి పెట్టాడు. ఏడాది తిరగ్గానే మళ్ళీ 8,000 అన్నాడు. ‘ఈసారి ఇవ్వలేనన్నా’ అంది. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే, ఆమె రాత్రిళ్ళు కూర్చుని కుట్టిన జాకెట్ల ఫొటోల కింద ఇంకెవరిదో ఫోన్ నంబరుంది! పాస్‌వర్డ్ ఇమ్మంటే ఫోన్ ఎత్తలేదు. ఆ నెల కొత్త బేరం ఒక్కటీ రాలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మా ఇంట్లో కూర్చుని ఇద్దరం ఆ పని పట్టాం. గూగుల్ ప్రొఫైల్ ఇంకొకరి చేతిలో ఉంటే, ‘ఇది నాది, నాకు అప్పగించండి’ అని అడిగే దారి గూగుల్‌లోనే ఉంది. అవతలివాళ్ళకి మూడు రోజులు గడువిస్తారు. అతను పలకలేదు. తర్వాత ఆమె మిషను, పని చేసే గది అన్నీ వీడియో తీసి పంపి తనదేనని రుజువు చేసుకుంది. అది చేతికొచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ మాత్రం రాలేదు, కొత్తది మొదలుపెట్టుకోవలసి వచ్చింది. మరి పాత ఖాతాదార్లు? అక్కడే ఉంది అసలు సంగతి. ఆమె దగ్గర కొలతల పుస్తకం ఉంది! అట్ట చిరిగిపోయిన నోట్‌బుక్కు. ప్రతి పేజీలోనూ పేరు, ఫోన్ నంబరు, చేతి పొడుగు, మెడ లోతు. లెక్కపెడితే 140 మంది తేలారు. వారం రోజులు కూర్చుని ఒక్కొక్కరికీ పేరుపెట్టి ‘అక్కా, ఇక నుంచి నా నంబరు ఇదీ’ అని రాసింది. శ్రావణమాసం వచ్చేసరికి ఆమె మిషనుకి తీరిక లేదు.

ఆ 8,000 రూపాయల ప్యాకేజీ ఆదుకోలేదు. 30 రూపాయల నోట్‌బుక్కు ఆదుకుంది. ఎందుకంటారా? అది ఆమె సొంతం కనుక.

ఎవరో మోసం చేస్తేనే ఇలా అవుతుందనుకోకండి. న్యాయంగా ఇచ్చినవాళ్ళు కూడా తీసేసుకుంటారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని నిషేధించింది. అందులో వేలమంది అభిమానుల్ని కూడగట్టుకున్న ఆడవాళ్ళు మన పల్లెల్లోనూ ఉన్నారు. తెల్లవారేసరికి ఆ లెక్కంతా పోయింది. గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఊరికే దాచుకోవచ్చన్నారు. 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టే ఫొటోల్ని ఖాతాకిచ్చే 15 జీబీలో కలిపేశారు. గూగుల్ ప్రొఫైల్‌తో పాటు చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేవారు. 2024 మార్చిలో అవన్నీ ఆపేశారు. ఇందులో ఎవర్నీ తిట్టి లాభం లేదు. ఎరువు సొమ్ము అంతేగా మరి!

అందుకే చెబుతున్నాను. ఈ సాధనాలు ఎన్ని వాడినా, పక్కనే ఒక పుస్తకం పెట్టుకోండి. కొన్నవారి పేరు, ఊరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, వాళ్ళ ఇష్టాయిష్టాలు రాయండి. ‘కారం తక్కువ’, ‘వెల్లుల్లి వద్దు’, ‘అమ్మాయి పెళ్ళి మాఘంలో’. ఈ చివరి మాట ఏ యాప్ రాసిపెడుతుంది చెప్పండి? మాఘానికి నెల ముందు ఆవిడకి ఓ ఫోన్ చేస్తే చలిమిడి, సున్నుండల బేరం మీదే. నెలకోసారి ఆ పుస్తకం పేజీలు ఫొటో తీసి ఇంట్లో ఇంకో ఫోన్లో కూడా ఉంచండి. ఖాతాలన్నీ మీ మెయిల్‌తో, మీ నంబరుతోనే తెరవండి. పిల్లలో, మరుదులో, డబ్బు తీసుకునే మనిషో సాయం చెయ్యొచ్చు గాని తాళంచెవి మీ కొంగునే ఉండాలి.

ఆ పుస్తకంలో నంబర్లు మన దగ్గర దాచిన సొమ్మనుకోండి. కొన్నవాళ్ళందర్నీ కలిపి ఓ వాట్సాప్ గ్రూపు చేసేసేవాళ్ళున్నారు. గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది. మన దగ్గర పొడి కొన్న పాపానికి ఏ ఇల్లాలికో అపరిచితుల మెసేజీలు వస్తే ఆ ఉసురు మనకెందుకు? దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా చేసుకోండి, ఎవరికి వాళ్ళకి విడిగా అందుతుంది. అయితే మన నంబరు తమ ఫోన్లో దాచుకున్నవారికే అది చేరుతుంది. కనుక సరుకు ఇచ్చేటప్పుడే ‘నా నంబరు సేవ్ చేసుకోండమ్మా’ అని ఓ మాట అనెయ్యండి. వద్దన్నవారికి పంపకండి.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. ‘మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నా, 20 కిలోల పచ్చడి కావాలి, ముందే డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనే ఘనులుంటారు. యూపీఐలో డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందనే అర్థం. పొరపాటున ఎవరైనా అలా చిక్కుకుంటే వెంటనే 1930 నంబరుకి ఫోన్ చెయ్యమనండి, ఆలస్యం చేసే కొద్దీ డబ్బు దొరకడం కష్టం. తినే సరుకులు అమ్మేవారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి సుమండీ. ఇంటి వంటకి కూడా అది తప్పదు.

చివరగా, ఈ ఉచితాలు తీసుకునే అసలు ధర ఇంకోటుంది. మన సమయం! ఒక్క కార్డు చేద్దామని కాన్వా తెరిస్తే గంట గడిచిపోతుంది. రీల్ పెడదామని వెళ్ళి, పాతిక రీల్స్ చూసి వస్తాం. ఆ గంటలో రెండు కిలోల కందిపొడి తయారయ్యేది. అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట అని పెట్టుకోండి. ఆ అరగంటా అయిపోగానే, ఉప్మాకి రవ్వ వేగినట్టే, పొయ్యి కట్టేసినట్టే అనుకుని ఫోన్ పక్కన పెట్టెయ్యండి.

అన్నీ ఒక్కరోజే నెత్తిన వేసుకోవద్దు. మొదటి వారం పుస్తకం రాయండి. రెండో వారం వాట్సాప్ బిజినెస్‌లో ఐదంటే ఐదు సరుకులు పెట్టండి. మూడో వారం గూగుల్ ప్రొఫైల్ మీకు పనికొస్తుందో లేదో చూసుకోండి. కార్డులు, ఫాంట్లు, గీతలు ఆ తర్వాత. మీ ఇంట్లో ‘ఇవన్నీ నీకెందుకు?’ అనేవారుంటే వాదనకి దిగకండి. నెలాఖరుకి పుస్తకంలో కూడిక వేసి చూపించండి చాలు. ఏమంటారు?